ఏడు రోజులు ఆరని గోడ

ఎర్రగడ్డ మార్కెట్ వెనక సందులో ఓదెలుకు బోర్డుల దుకాణం ఉంది. ఇరవై రెండేళ్లుగా తెల్లబోర్డులు అమ్మడం, గోడకు బిగించడం, పాడైతే మార్చడం అతని పని. కొనడానికి ఎవరొచ్చినా ధర చెప్పే ముందు ఒక ప్రశ్న అడుగుతాడు.

"రోజుకు ఎన్నిసార్లు తుడుస్తరు?"

చాలామందికి ఈ ప్రశ్న వింతగా ఉంటుంది. బోర్డు కొనేది రాయడానికి కదా అంటారు. ఓదెలు ఒప్పుకోడు. రాయడం ఏ బోర్డు మీదైనా కుదురుతుంది, బోర్డు సంగతి తెలిసేది తుడిచినప్పుడే అంటాడు. ఇంట్లో పిల్లల లెక్కలకు లామినేట్ బోర్డు ఇస్తాడు. రోజుకు ఆరు క్లాసులు జరిగే కోచింగ్ సెంటర్‌కు రేకు మీద పింగాణీ పూత ఉన్నది ఇస్తాడు, అది ఇరవై ఏళ్లయినా మరక పట్టదు. ఆసుపత్రి వార్డులకు ఏ మంచం మీద ఎవరున్నారో రాసుకోవడానికి ముందే గళ్లు గీసి ఇస్తాడు. అపార్ట్‌మెంట్ల వాళ్లకు లిఫ్టు పక్కన పెట్టే రెండడుగులది చాలు. దాని మీద ఏడాది పొడుగునా 'నేడు నీళ్లు రావు' అనే ఉంటుంది కాబట్టి తుడిచే పనే తక్కువ.

కిందటేడు ఫిల్మ్‌నగర్‌లోని ఒక సినిమా ఆఫీసు నుంచి మనోజ అనే అమ్మాయి ఫోన్ చేసినప్పుడు కూడా ఓదెలు ఇదే అడిగాడు.

"రాసిన ప్రతిసారీ తుడుస్తం అన్నా," అంది మనోజ. "రోజుకు నలభై సార్లు అనుకో."

ఓదెలు వినీ విననట్టు మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అదే చెప్పింది. స్కూటర్ మీద టేపు, డ్రిల్లు పెట్టుకుని వెళ్లి తానే చూశాడు.

ఆ ఆఫీసు దర్శకుడు సాయిశ్రీనివాస్‌ది. ముప్పై నాలుగేళ్లవాడు. మొదటి సినిమా బాగా ఆడింది. రెండో సినిమాకు కథా చర్చలు మొదలై అప్పటికి తొమ్మిది నెలలు. చర్చల్లో కూర్చునేది ముగ్గురు. దర్శకుడు, వెంగళరావు నగర్ నుంచి రోజూ మెట్రోలో వచ్చే కో-డైరెక్టర్ మనోజ, తణుకు వైపు నుంచి ముప్పై ఏళ్ల కిందట వచ్చి ఇక్కడే స్థిరపడ్డ రచయిత వెంకటేశ్వరరావు. ఆయనకు అరవై రెండేళ్లు. పొడుగు నోటు పుస్తకాల్లో రాసుకునే అలవాటు. బోర్డు మీద కథ రాయడమంటే వీధిలో స్నానం చేసినట్టుంటుందని ఆయన బాధ. కానీ దర్శకుడికి బోర్డు లేనిదే ఆలోచన నడవదు.

గోడకున్న లామినేట్ బోర్డును ఓదెలు వేలితో రుద్దాడు. బూడిద రంగుకు తిరిగింది. పాత రాతలు కింద నీడల్లా కనిపిస్తున్నాయి.

"దీని మీద ఎన్ని కథలు రాసిండ్రు?"

"పదకొండు," అంది మనోజ. "ఒక్కటి కూడా పూర్తిగా పోదు. మొన్న ఒక హీరో గారు కథ వినడానికొచ్చి, సగంల బోర్డు దిక్కు చూసి, నాకు క్యాన్సర్ ఎప్పుడొస్తదని అడిగిండు. ఆ క్యాన్సర్ నాలుగు కథల కిందిది."

ఓదెలు పింగాణీ బోర్డు వేయించుకొమ్మన్నాడు. సాయిశ్రీనివాస్ వినలేదు. ఒక పెద్ద నిర్మాత ఆఫీసులో గాజు బోర్డు చూసి వచ్చాడు, అదే కావాలన్నాడు. ఓదెలు గాజు బోర్డే బిగించాడు. చూడటానికి ముచ్చటగా ఉంది. నెల తిరక్కుండా మనోజ ఫోన్ చేసింది. సీన్ల కార్డులు పెట్టడానికి తెచ్చిన అయస్కాంతాలు గాజుకు అంటుకోవడం లేదట. అదొక్కటే అయితే సర్దుకునేవాళ్లు.

"ఎదురుంగ కిటికీ ఉంది గదా. సార్‌కు బోర్డుల ఆయన మొహమే కనబడుతుంది. కథ చెప్పుకుంట చెప్పుకుంట జుట్టు సవరించుకుంటుండు. నిన్న గంటసేపు జుట్టే అయింది."

గాజు బోర్డును ముందు గదిలోకి మార్చారు. అవకాశాల కోసం వచ్చే నటీనటులు దాంట్లో ఒకసారి చూసుకుని లోపలికి వెళ్తున్నారు. లోపలికి ఈసారి చక్రాల మీద నడిచే బోర్డు వచ్చింది. చట్రంలో గిర్రున తిరుగుతుంది, రెండు వైపులా రాసుకోవచ్చు. ఓదెలు అమ్మే వాటిలో దీనికి బడుల్లో మంచి పేరుంది. ఈ ఆఫీసులో మాత్రం దర్శకుడు ఒకవైపు తన కథ రాస్తే, వెంకటేశ్వరరావు రెండో వైపు తన కథ రాసుకున్నాడు. ఎవరు ముందొస్తే వాళ్లు తమ వైపు తిప్పి పెట్టడం, తర్వాత వచ్చినవాళ్లు మాట్లాడకుండా తిప్పేయడం. పదిహేను రోజులకు ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి బోర్డును తిప్పుకోవడమే మిగిలింది. ఏడెనిమిది నెలలు ఇలాగే నడిచాక మనోజ మళ్లీ ఓదెలును పిలిచింది.

"మధ్యల కూసుంటే నేను రెండు సినిమాలకు కో-డైరెక్టర్ అన్నా," అంది మనోజ. "తిప్పనీకె రానిది, రెండో వైపు లేనిది ఏదన్నా ఉంటే చెప్పు."

రెండో వైపు లేనిది గోడ ఒక్కటే. గోడ మీద బోర్డులాగా రాసి తుడుచుకునే పెయింటు ఉంటుంది. పదహారడుగుల గోడకు నున్నగా లప్పం పెట్టించి, ఓదెలే స్వయంగా రెండు కోట్లు వేశాడు. బ్రష్షు కడుక్కుంటూ ముగ్గురినీ నిలబెట్టి చెప్పాడు.

"ఏడు రోజులు దీన్ని ముట్టొద్దు. పైకి ఆరినట్టే ఉంటది, లోపల పచ్చిగుంటది. ఏడు రోజులు. మల్ల నన్ను అడగొద్దు."

"ఏడు రోజులు," అని సాయిశ్రీనివాస్ తలూపాడు.

ఐదో రోజున మనోజ ఫోన్ చేసింది. పొద్దున పదకొండున్నర. ఓదెలు అప్పుడు ఒక బడికి పంపే బోర్డుల అంచులకు అల్యూమినియం పట్టీలు కొడుతున్నాడు.

"అన్నా, అర్జంటుగ రావాలె. గోడ తుడిస్తే పోతలేదు."

"గోడ మీద రాసిండ్రా?"

"నిన్న దశమి ఉండె," అంది మనోజ.

ఓదెలు మార్కర్ల డబ్బా, స్పిరిటు సీసా, గుడ్డలు సంచిలో వేసుకుని బయల్దేరాడు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ పడితే ఆగి, ఏడు రోజులంటే వీళ్లకు ఏమర్థమైందా అని ఆలోచించాడు.

గదిలోకి వెళ్లి చూసి నిలబడిపోయాడు. పదహారడుగుల గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండిపోయింది. అరవై నాలుగు సీన్లు. దర్శకుడి రాత ఎరుపు, రచయితది ఆకుపచ్చ, మనోజ వేసిన నంబర్లు నీలం. నిన్న పొద్దున మొదలుపెట్టి రాత్రంతా కూర్చుని రాశారట. ఇన్ని నెలల్లో మొదటిసారి ఎవరూ ఎవరితోనూ గొడవపడలేదు, అందుకే ఒక్క అక్షరం కూడా తుడిచే పని పడలేదు. ఆ పొద్దున తుడవబోతే తెలిసింది, తాము రాసింది చెరిగిపోయే మార్కర్లతో కాదని. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు సామాన్ల పెట్టెల మీద పేర్లు రాయడానికి తెచ్చుకున్న పర్మనెంట్ మార్కర్లు అవి. అదే సైజు, అవే నాలుగు రంగులు.

"కథ అయిపోయింది గదా సార్," అన్నాడు ఓదెలు. "తుడుసుడెందుకు? ఉండనియ్యండ్రి."

సాయిశ్రీనివాస్ కుర్చీలో తల పట్టుకుని కూర్చున్నాడు. వెంకటేశ్వరరావు సమాధానం చెప్పాడు.

"అమ్మగారు నాలుగింటికి వస్తున్నారండి."

అమ్మగారంటే నిర్మాత బాలాత్రిపురసుందరి. భీమవరం ఆవిడ, జూబ్లీహిల్స్‌లో ఇల్లు. ఎప్పుడూ కథ వినాలంటే వీళ్లనే ఇంటికి పిలిపించుకుంటుంది. ఆ రోజు పొద్దున పదకొండింటికి ఫోన్ చేసి, గోడంతా బోర్డు చేయించారటగా, అదేంటో చూసి కథ కూడా అక్కడే వింటాను అంది. ఆవిడ ఫిబ్రవరిలోనే ఒక మాట చెప్పింది. ఏ కథైనా చేయండి, డబుల్ రోల్ మాత్రం వద్దు, డబుల్ రోల్ అంటే ఒక్క టికెట్‌కు రెండు తలనొప్పులు అని. సరేనండి అని తల ఊపి వచ్చిన సాయిశ్రీనివాస్ ఆ రోజు నుంచీ డబుల్ రోల్ కథే చేస్తున్నాడు. హీరో ఒకడు పెళ్ళిళ్లకు షామియానాలు వేసే తమ్ముడు. ఇంకొకడు బ్యాంకాక్‌లో డాన్‌గా ఉండే అన్న. ముందు నోటితో మెల్లమెల్లగా చెప్పి, తమ్ముడి కథ ఆవిడకు నచ్చాక, ఇంటర్వెల్ దగ్గర అన్నను దించుదామని అతని పథకం. ఇప్పుడు అన్న గోడ మీద మూడో సీన్లోనే ఎర్రగా దిగి ఉన్నాడు.

"ఏదైనా గుడ్డ కప్పుదాం," అన్నాడు సాయిశ్రీనివాస్.

"గోడ చూడటానికే వస్తున్న మనిషండీ," అన్నాడు వెంకటేశ్వరరావు.

ఓదెలు ఒక మూల, ఎవరి కంటా పడనిచోట, స్పిరిటు ముంచిన గుడ్డతో ఒక అక్షరాన్ని రుద్దాడు. అక్షరం వచ్చింది. దానితోపాటు రూపాయి బిళ్లంత పెయింటు కూడా వచ్చి, కింద లప్పం బయటపడింది.

"నేనేం చెప్పిన?" అన్నాడు గుడ్డ వైపు చూస్తూ.

"ఏడు రోజులు," అంది మనోజ నెమ్మదిగా.

"ఎన్నో రోజుకు రాసిండ్రు?"

"నాలుగు."

ఓదెలుకు కోపం వచ్చింది. కానీ ముగ్గురి మొహాలూ పరీక్షలో కాపీ కొట్టి పట్టుబడ్డ పిల్లల్లా ఉన్నాయి. సంచిలోంచి మార్కర్ల డబ్బా తీశాడు.

"ఒక్క ఉపాయముంది. గిదిగో, ఇది చెరిగిపోయే మార్కరు. పర్మనెంటు గీత మీద సరిగ్గ గదే గీత దీంతోటి మల్ల గీయాలె. తడి ఆరకముందే పొడిగుడ్డతోటి తుడవాలె. కొత్తది పాతదాన్ని పట్టుకొని వస్తది. పెయింటు లేవది."

"ఒక్కో అక్షరం మీదా గీయాలా?" అన్నాడు వెంకటేశ్వరరావు.

"ఒక్కో ఒత్తు మీద గూడ."

అందరూ గోడ వైపు చూశారు. గడియారం పన్నెండున్నర దాటింది. అరవై నాలుగు సీన్లు మూడున్నర గంటల్లో దిద్ది తుడవడం అయ్యే పని కాదు. మనోజ గోడ వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వచ్చింది.

"అంత అవసరం లేదు సార్. అన్న ఉన్న సీన్లు ఇరవై మూడు. గవొక్కటే తీసేద్దాం. మేడం వెళ్లిపోయినంక మల్ల రాసుకుందురు."

సాయిశ్రీనివాస్ ఒప్పుకోవడానికి కొంచెంసేపు పట్టింది. వేరే దారి కూడా లేదు. నలుగురూ నాలుగు మార్కర్లు తీసుకుని గోడ మీద పడ్డారు. పని మొదలయ్యాక అది ఎంత కష్టమో తెలిసింది. కొంచెం పక్కకు పోతే కింది గీత మిగిలిపోతుంది. దర్శకుడి ఎర్ర రాత గొలుసు రాత, ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య ఎక్కడ ఆగాలో తెలియదు. మనోజ కుర్చీ ఎక్కి పై వరుసలు దిద్దింది. వెంకటేశ్వరరావు నడుం నొప్పని నేల మీద చాప వేసుకుని కింది వరుసలు పట్టాడు. ఆయన చిన్నప్పుడు పలక మీద ఓనమాలు దిద్దినట్టే నాలుక కొంచెం బయటపెట్టి దిద్దుతున్నాడు.

పందొమ్మిదో సీను దగ్గర సాయిశ్రీనివాస్ ఆగిపోయాడు. అందులో అన్న హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని కల్యాణమండపం మీదికి దిగుతాడు.

"హెలికాప్టర్ నేను తుడవలేనండి," అన్నాడు.

"నేను తుడుస్తానండి, దానికేం భాగ్యం," అని వెంకటేశ్వరరావు చాప మీద నుంచి చురుగ్గా లేచాడు. నడుం నొప్పి ఏమైందో తెలియదు. హెలికాప్టర్ రెండు నిమిషాల్లో గుడ్డలోకి వచ్చేసింది.

ఓదెలు చదువు పదో తరగతి. దిద్దేటప్పుడు అక్షరాలను పెదవులతో మెల్లగా పలుక్కుంటూ దిద్దడం అతని పద్ధతి. అన్న సీన్లు తుడవాలంటే ఏది అన్న సీనో తెలియాలి కాబట్టి పక్క సీన్లు కూడా చదువుకుంటూ వచ్చాడు. ఎరుపు ఎంత చదివాడో ఆకుపచ్చ కూడా అంతే చదివాడు. ఆ గోడ మీద మూడు రంగులూ వరసగా చదివిన మొదటి మనిషి అతనే. రాసిన ముగ్గురూ ఎవరి రంగు వాళ్లు చూసుకున్నారు గానీ పక్క రంగు చదవలేదు.

మూడుంబావుకు ఓదెలు మార్కరు మూత పెట్టి వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"రైటర్ సాబ్, ఒక మాట అడగాల్నా?"

"అడగండి."

"ఈ పిలగాని తండ్రి, రైల్వే గార్డు, తొమ్మిదో సీన్ల సచ్చిపోయిండు. ఎర్రరంగుల ఉంది, స్మశానం గిట్ల ఉంది. యాభై రెండో సీన్ల అక్షింతలెట్ల ఏస్తుండు?"

వెంకటేశ్వరరావు చాప మీద నుంచి యాభై రెండో సీను వైపు చూశాడు. అది ఆయన రాతే. తర్వాత తొమ్మిదో సీను చూశాడు. తర్వాత దర్శకుడిని చూశాడు.

"మీరు ఆయన్ని ఎప్పుడు చంపారండీ?"

"మార్చిలో," అన్నాడు సాయిశ్రీనివాస్. "చెప్పాను కదా."

"నాకు చెప్పలేదండి. బోర్డు తిప్పి ఉంటారు."

మనోజ కుర్చీ మీద నిలబడి నవ్వు ఆపుకోలేక గోడకు తల ఆనించింది. నుదుటి మీద ఎరుపు అంటింది. సాయిశ్రీనివాస్ మాత్రం నవ్వలేదు. తొమ్మిదో సీను ముందుకు వెళ్లి, తాను రాసిందే కొత్తగా చదువుతున్నట్టు చదివాడు.

"తండ్రి చచ్చిపోతేనే కదా అన్న బ్యాంకాక్ నుంచి వచ్చేది," అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తానే.

"అన్న ఇప్పుడు లేడు గద సార్," అన్నాడు ఓదెలు. "ఆయన కోసం ముసలాయనను సంపుడెందుకు?"

పక్క గదిలో ఎడిటింగ్ వాళ్లు ఒకే షాట్‌ను మళ్లీ మళ్లీ వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. సాయిశ్రీనివాస్ మార్కరు తీసుకుని తొమ్మిదో సీను మీద దిద్దడం మొదలుపెట్టాడు. స్మశానం, చితి, తల కొరివి, ఆ తర్వాత అన్న కళ్లలో నిప్పులు, అన్నీ వరసగా తుడిచేశాడు. తుడిచాక కాసేపు ఆ ఖాళీని చూస్తూ నిలబడ్డాడు. ఆపైన ఎవరూ చెప్పకుండానే పదకొండో సీన్లో ప్రతీకార ప్రతిజ్ఞ కూడా తుడిచాడు. దానికీ ఆధారం పోయింది కాబట్టి.

బాలాత్రిపురసుందరి నాలుగింటికి వస్తానంది గానీ మూడు ముప్పై ఐదుకే కనబడింది. రోడ్డు ఖాళీగా ఉండటం ఆ వైపు ఎన్నడూ జరగదు, ఆ రోజు జరిగింది. ఆవిడ తలుపు దగ్గర నిలబడేసరికి లోపల నలుగురూ గోడకు మొహం పెట్టి ఉన్నారు. దర్శకుడి తెల్ల చొక్కా మోచేతుల దాకా ఎర్రగా ఉంది. రచయిత నేల మీద బాసింపట్టు వేసుకుని ఉన్నాడు.

"ఏం చేస్తున్నారండీ?" అంది ఆవిడ.

మనోజ కుర్చీ మీద నుంచి దిగబోయి మళ్లీ ఎక్కింది. సాయిశ్రీనివాస్ రంగు గుడ్డను వెనక దాచుకున్నాడు.

"కథ సరిచేస్తున్నామండి," అన్నాడు వెంకటేశ్వరరావు. అది అబద్ధం కాదు కాబట్టి గొంతు మామూలుగానే వచ్చింది.

ఆవిడ కుర్చీ లాక్కుని గోడకు ఎదురుగా కూర్చుంది. కళ్లద్దాలు పెట్టుకుంది. చెప్పబోతున్న సాయిశ్రీనివాస్‌ను చెయ్యెత్తి ఆపి, తానే చదవడం మొదలుపెట్టింది. ఓదెలు వెళ్లిపోదామని సంచి సర్దుకున్నాడు గానీ తలుపు ఆవిడ వెనక ఉంది, ఆవిడ ముందు నుంచి నడిస్తే బాగుండదని మూలన నిలబడ్డాడు.

అన్నలు, హెలికాప్టర్లు, స్మశానాలు పోయాక గోడ మీద మిగిలింది చిన్న కథ. అందులో ఎక్కువ భాగం ఆకుపచ్చ. ఒక ఊళ్లో ఒక అమ్మాయి పెళ్ళి. తెల్లవారితే ముహూర్తం, పెళ్ళికొడుకు కనిపించకుండా పోయాడు. చుట్టాలంతా వెళ్లిపోయారు. షామియానా విప్పడానికి వచ్చిన కుర్రాడితో ఆ అమ్మాయి, విప్పొద్దు అంటుంది. పెళ్ళికొడుకు వచ్చేదాకా ఒక్క గుంజ కూడా పీకొద్దంటుంది. షామియానా వదిలి వెళ్లలేక అతను అక్కడే ఉంటాడు. అలా పదకొండు రోజులు. మధ్యలో రైల్వే గార్డు తండ్రి వచ్చి, కొడుకు ఇంటికి ఎందుకు రావడం లేదో చూసి, తనూ అక్కడే ఉండిపోతాడు.

ఇరవై నిమిషాల తర్వాత ఆవిడ తల తిప్పకుండానే అడిగింది.

"పదకొండు రోజులు ఏం తింటారు వీళ్లు?"

"పెళ్ళికి తెచ్చిన కూరగాయలుంటాయి కదండీ," అన్నాడు వెంకటేశ్వరరావు. "మొదటి మూడు రోజులు వంకాయ. తర్వాత గుమ్మడికాయలు. గుమ్మడికాయ నిలవుంటుందండి."

ఆవిడ చిన్నగా నవ్వింది. మళ్లీ చదివింది.

"మధ్యమధ్య ఈ ఖాళీలేంటి?"

"ఊపిరి తీసుకోవడానికండి."

ఆవిడ లేచి గోడ దగ్గరికి వెళ్లింది. నలభై ఒకటో సీను దగ్గర వేలు పెట్టింది. అక్కడ హడావిడిలో ఒక ముక్క తుడవడం మర్చిపోయారు. ఎర్రగా, స్పష్టంగా, 'బ్యాంకాక్ నుంచి దిగుతాడు' అని ఉంది.

"బ్యాంకాక్ నుంచి ఎవరు దిగుతారు?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూల నుంచి ఓదెలు నోరు జారాడు.

"షామియానా గుడ్డ, మేడం. వాటర్‌ప్రూఫ్. ఆడి నుంచే దిగుతది."

"దిగుతాడు అని ఉంది."

సాయిశ్రీనివాస్ ఒక అడుగు ముందుకు వేశాడు. వెనక దాచిన గుడ్డను బల్ల మీద పెట్టాడు.

"అన్న దిగుతాడండి. దిగేవాడు. మీరు వద్దన్నా డబుల్ రోల్ రాశాను. మీకు కనబడకూడదని పొద్దున్నుంచి తుడుస్తున్నాం. ఇప్పుడు అతను రావడం లేదు."

ఆవిడ అతని ఎర్రటి మోచేతుల వంక, మనోజ నుదుటి వంక చూసింది.

"రాకపోతేనే మంచిది. అక్కడే ఉండనివ్వండి," అంది. "ఈ షామియానా కథ ఇన్నాళ్లూ నాకు ఎందుకు చెప్పలేదు?"

"నాకే తెలియదండి," అన్నాడు సాయిశ్రీనివాస్. "ఇవాళే చదివాను."

నిజానికి ఆ షామియానా కథ వెంకటేశ్వరరావుది. బోర్డుకు రెండో వైపున ఏడెనిమిది నెలలు గోడ వైపు తిరిగి ఉన్న కథ. ఆ మాట సాయిశ్రీనివాసే ఆవిడకు చెప్పాడు. వెంకటేశ్వరరావు చాప మీద కూర్చునే ఉన్నాడు, లేవడం మర్చిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చేతికి ఉన్న ఆకుపచ్చ అద్దాలకు అంటుకుంది. మళ్లీ పెట్టుకుంటే దర్శకుడు ఆకుపచ్చగా కనిపించాడు. అయినా ఆ రోజు మొదటిసారి ఆయన అతన్ని 'బాబూ' అని పిలిచాడు.

బాలాత్రిపురసుందరి వెళ్తూ ఓదెలు దగ్గర ఆగింది.

"మీరు ఏ డిపార్ట్‌మెంటండీ?"

"బోర్డులు, మేడం. ఎర్రగడ్డ."

"తండ్రి బతికుండటం బాగుంది," అని ఆవిడ వెళ్లిపోయింది. ఆ సంగతి ఆవిడకు ఎవరు చెప్పారో, తలుపు దగ్గర ఎప్పటి నుంచి నిలబడి ఉందో ఎవరికీ తెలియలేదు.

గోడకు ఆ మూలన లేచిన రూపాయంత పెయింటు సరిచేస్తానని ఓదెలు అన్నాడు. సాయిశ్రీనివాస్ ఒప్పుకోలేదు. షూటింగ్ అయ్యేదాకా ఆ గోడను ఎవరూ ముట్టకూడదన్నాడు. ఈ మాట అయిదు రోజుల కిందట వినుంటే బాగుండేదని ఓదెలు అనుకున్నాడు గానీ పైకి అనలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అతని భార్య భూలక్ష్మి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అతని చేతులకు మూడు రంగులూ చూసి ఏందిది అని అడిగింది. చేతులు కడుక్కుంటూ ఓదెలు జరిగిందంతా చెప్పాడు. అన్న సంగతి చెబితే ఆమెకు పెద్దగా పట్టలేదు. షామియానా సంగతి మొదలుపెట్టాక చిక్కుడుకాయలు పక్కన పెట్టింది.

"పెండ్లికొడుకు వాపస్ వచ్చిండా?"

"ఏమో."

"ఏమో ఏంది? వస్తే ఆ పోరి ఎవల్ని చేసుకుంటది? పదకొండు రోజులు గుంజలు కాపాడిన పిలగాన్నా, పారిపోయినోన్నా?"

ఓదెలు గుర్తు చేసుకున్నాడు. చివరి వరుస సీన్లలో సగం అన్నవి, తుడిచేశారు. మిగతా సగం చదివే లోపలే మేడం వచ్చింది. యాభై రెండో సీన్లో తండ్రి అక్షింతలు వేశాడని ఉంది గానీ, ఎవరి మీద వేశాడో లేదు. అన్నం తింటున్నప్పుడు కూడా భూలక్ష్మి అదే అడిగింది. పారిపోయినోడు వాపస్ వచ్చి కాళ్లు పట్టుకుంటే ఆడపిల్ల మనసు మెత్తబడదా అంది. మళ్లీ ఆమే, మెత్తబడొద్దు అంది.

తెల్లారి దుకాణం తెరవగానే ఓదెలు మనోజకు ఫోన్ చేశాడు. పెయింటు ఎట్లుంది, ఇంకెక్కడన్నా లేచిందా అని రెండు నిమిషాలు అడిగి, తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"మా ఇంటామె అడుగుతుంది. ఆఖరుకు ఆ పిల్ల ఎవల్ని చేసుకుంటది?"

మనోజ నవ్వింది. అవతల వెనక నుంచి దర్శకుడు, రచయిత ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

"పొద్దున ఎనిమిదింటి నుంచి గదే పంచాయితీ నడుస్తుంది అన్నా. సార్ ఒక తీరు అంటుండు, రైటర్ గారు ఇంకో తీరు అంటుండు. ఆగు, స్పీకర్ల పెడ్తున్న. మీ ఇంటామె ఏమంటుందో చెప్పు."

దుకాణం ముందు ఒక కోచింగ్ సెంటర్ ఆయన పెద్ద బోర్డు కోసం వచ్చి నిలబడ్డాడు. ఓదెలు అతన్ని స్టూలు మీద కూర్చోమని చేత్తో సైగ చేసి, ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"మెత్తబడొద్దంటుంది," అన్నాడు.